టెక్సాస్‌లో మడ్‌ను రద్దు చేసి సేవలను నగరానికి అప్పగించడం ఎలా: ఇంటి యజమానులకు, బోర్డు సభ్యులకు సమగ్ర మార్గదర్శి

టెక్సాస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో చాలామందికి మడ్ అనే మాట మొదటిసారి ఎదురయ్యేది క్లోజింగ్ రోజున, సంతకాలు పెట్టాల్సిన కాగితాల దొంతరలో. ఈ ఆస్తి ఫలానా డిస్ట్రిక్ట్ పరిధిలో ఉంది, వంద డాలర్ల విలువకు పన్ను ఇంత, ఓటర్లు ఆమోదించిన బాండ్లు ఇన్ని, వాటిలో ఇప్పటిదాకా జారీ అయినవి ఇన్ని అని చెప్పే ఒక నోటీసు అందులో ఉంటుంది. టెక్సాస్ నీటి చట్టం 49.452 సెక్షన్ ప్రకారం అమ్మేవారు కొనేవారికి తప్పనిసరిగా ఇవ్వాల్సిన కాగితం అది. తాళంచెవులు చేతికొచ్చే తొందరలో దాన్ని చదివేవాళ్లు తక్కువ. కొన్నేళ్ల తర్వాత "మన మడ్‌ను సిటీ తీసుకుంటోందట" అన్న వార్త వినగానే వీధిలో సగం మంది పన్ను తగ్గుతుందని సంతోషిస్తారు, మిగతా సగం మంది పెరుగుతుందని భయపడతారు. ఎవరి అంచనా సరైనదో తేల్చేది ఆ నోటీసులోని బాండ్ల అంకెలే కాబట్టి, ఈ వ్యవహారంలో అప్పు గురించే ఎక్కువ చెప్పుకోవాలి.

ముందుగా, మడ్ అంటే ఏమిటి

మడ్ అంటే మ్యూనిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. నగర పరిధికి బయట, పొలాల మధ్య కొత్త కాలనీ వేసేటప్పుడు మంచినీటి గొట్టాలు, మురుగునీటి శుద్ధి, వాననీటి కాల్వలు ఏర్పాటు చేయడానికి పుట్టిన చిన్న ప్రభుత్వ సంస్థ ఇది. దీనికి మూలం 1917లో టెక్సాస్ రాజ్యాంగంలో చేర్చిన 16వ అధికరణం 59వ సెక్షన్. మడ్‌ల కోసం ప్రత్యేకంగా చట్టం వచ్చింది 1971లో. ఐదుగురు డైరెక్టర్ల బోర్డు దీన్ని నడుపుతుంది. డెవలపర్ ముందు తన డబ్బుతో గొట్టాలు వేస్తాడు. ఇళ్లు లేచి పన్ను ఆదాయం మొదలయ్యాక మడ్ బాండ్లు అమ్మి అతని ఖర్చు తిరిగి చెల్లిస్తుంది. ఆ బాండ్ల అసలూ వడ్డీ మన ఇంటి పన్నులోంచి ఏళ్ల తరబడి తీరుతూ ఉంటాయి. రాష్ట్రంలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి, హ్యూస్టన్ చుట్టుపక్కల మరీ దట్టంగా ఉన్నాయి.

హెచ్‌ఓఏ, అంటే కాలనీలోని ఇంటి యజమానుల సంఘం, వేరు; మడ్ వేరు. మడ్ రద్దయితే హెచ్‌ఓఏ రుసుము పోదు, గడ్డి కోయలేదని వచ్చే ఉత్తరాలూ ఆగవు. ఈ సంగతి చెప్పడం అనవసరం అనిపించవచ్చు గానీ, ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇదే.

మొదటి మెట్టు: మీకు వర్తించే దారి ఏదో తేల్చుకోండి

మడ్‌ను రద్దు చేయడానికి ఒకే పద్ధతి లేదు. మీ డిస్ట్రిక్ట్ ఎక్కడుంది, దానికి అప్పు ఉందా లేదా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది.

ఇంకా బాండ్లేవీ జారీ చేయని డిస్ట్రిక్ట్ అయితే, నోటీసు ఇచ్చి, బహిరంగ విచారణ జరిపి, బోర్డే దాన్ని రద్దు చేసుకోవచ్చు. నీటి చట్టం 54.734 సెక్షన్ ఇందుకు వీలిస్తుంది. వరుసగా ఐదేళ్లు ఏ పనీ చేయకుండా, బాండ్ల అప్పు లేకుండా కాగితాల మీదే మిగిలిపోయిన డిస్ట్రిక్ట్‌ను, విచారణ తర్వాత, రాష్ట్ర పర్యావరణ నాణ్యతా కమిషన్, అంటే అందరూ టీసీఈక్యూ అని పిలిచే సంస్థ, రద్దు చేయగలదు. జనం కాపురముంటున్న కాలనీలకు ఈ రెండు దారులూ దాదాపు ఎప్పుడూ పనికిరావు.

మడ్ మొదటినుంచీ నగరం హద్దుల్లోనే ఏర్పడి ఉంటే స్థానిక ప్రభుత్వ చట్టం 43.074 సెక్షన్ చూడాలి. ఈ డిస్ట్రిక్ట్ ఇక అవసరం లేదని, దాని సేవలను నగరమే అందించగలదని, రద్దు వల్ల ఇరుపక్షాల ప్రజలకూ మేలని నిర్ధారించుకుని, నగర పాలక మండలి మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల ఓటుతో ఆర్డినెన్స్, అంటే నగర స్థాయి శాసనం, చేయాలి.

ఎక్కువమందికి ఎదురయ్యేది నాలుగోది: నగరానికి ఆనుకుని, దాని హద్దుకు బయట ఉన్న మడ్‌ను నగరం తనలో విలీనం చేసుకుని, ఆ తర్వాత 43.075 సెక్షన్ కింద రద్దు చేయడం. డిస్ట్రిక్ట్ భూభాగం మొత్తం నగరంలోకి వచ్చినప్పుడు నగరం దాని ఆస్తులన్నీ తీసుకోవాలి, అప్పులన్నీ నెత్తిన వేసుకోవాలి, సేవలన్నీ నడపాలి. లాభసాటివి ఏరుకుని మిగతావి వదిలేయడానికి చట్టం ఒప్పుకోదు.

ఒకప్పుడు నగరాలు ఈ విలీనాన్ని వాసుల అనుమతితో పనిలేకుండానే చేసేవి. 1996లో హ్యూస్టన్ కింగ్‌వుడ్‌ను అలాగే కలుపుకున్నప్పుడు అక్కడివాళ్లు ఎంత వ్యతిరేకించినా ఆగలేదు. ఆ కోపం 1999లో విలీన చట్టాల సవరణకు దారితీసింది. 2017లో పెద్ద కౌంటీలకు, 2019 మే నెలలో రాష్ట్రమంతటికీ వాసుల సమ్మతి తప్పనిసరి అయింది. ఇప్పుడు 200 మంది లోపు జనాభా ఉన్న ప్రాంతమైతే నమోదైన ఓటర్లలో సగానికి మించి సంతకాలు చేసిన అర్జీ కావాలి. 200, అంతకు మించి ఉంటే ఎన్నిక జరగాలి. ఆ ఓటర్ల చేతిలో సగానికి మించిన భూమి లేకపోతే భూమి యజమానుల అర్జీ కూడా తోడవ్వాలి. దీనికి ముఖ్యమైన మినహాయింపు ఒకటుంది. నగరానికీ మడ్‌కూ మధ్య ముందే వ్యూహాత్మక భాగస్వామ్య ఒప్పందం కుదిరి ఉంటే, విలీనం ఆ ఒప్పందం ప్రకారమే జరుగుతుంది, మళ్లీ ఓటు అడగరు. "మమ్మల్ని అడగకుండా ఎలా కలుపుతారు" అని నిలదీసేవాళ్లకు చాలాసార్లు వచ్చే జవాబు, పదిహేనేళ్ల కిందటి బోర్డు సంతకం చేసిందనే. 2007లో హైదరాబాద్ చుట్టూ ఉన్న 12 పురపాలక సంఘాలు గ్రేటర్‌లో కలిసింది ప్రభుత్వ ఉత్తర్వుతో. ఇక్కడ ఆ పని ఎప్పుడో రాసుకున్న ఒప్పందంతో జరుగుతుంది.

రెండో మెట్టు: కాగితాలన్నీ ఒకచోట చేర్చండి

మొదట కావలసింది మడ్ పుట్టినప్పుడు నగరం ఇచ్చిన సమ్మతి తీర్మానం. నగరం హద్దుల్లో గానీ, దాని వెలుపలి అధికార పరిధిలో, అంటే హద్దుకు బయట ఉన్నా నగరానికి కొంత అధికారం ఉండే ప్రాంతంలో గానీ మడ్ ఏర్పడాలంటే ఆ నగరం లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోలులో షరతులు పెట్టవచ్చు. తర్వాత భాగస్వామ్య ఒప్పందం ఏదైనా ఉందేమో కౌంటీ దస్తావేజుల్లో వెతకండి, అది అక్కడ రికార్డయి ఉండాలి. వీటికి తోడు గత ఐదేళ్ల ఆడిట్ నివేదికలు, ప్రతి బాండుకూ సంబంధించిన ప్రకటన పత్రం, డెవలపర్‌కు ఇంకా చెల్లించాల్సిన బాకీల పట్టిక, టోకు నీటి కొనుగోలు ఒప్పందం, గొట్టాలు, మీటర్లు చూసుకునే ఆపరేటర్ కంపెనీ కాంట్రాక్టు, మురుగునీటి విడుదల అనుమతి అవసరమవుతాయి.

బాండు పత్రాలు మునిసిపల్ బాండ్ల సమాచారం ఉంచే ఎమ్మా అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మిగతావి మడ్ న్యాయవాది కార్యాలయంలో ఉంటాయి; ఇవ్వడానికి తాత్సారం చేస్తే రాష్ట్ర ప్రజా సమాచార చట్టం కింద లిఖితపూర్వకంగా అడగండి. అభ్యర్థనలో "అన్ని పత్రాలు" అని రాస్తే కాపీల ఖర్చు తడిసి మోపెడవుతుంది. పత్రం పేరు, సంవత్సరం చెప్పి అడగడం మేలు.

మూడో మెట్టు: అప్పు లెక్క, ఇంటి లెక్క

ఈ ఒక్క మెట్టు మీద పెట్టిన శ్రద్ధే మిగతావాటిని నిలబెడుతుంది. ఊహాత్మక అంకెలతో ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. మీ ఇంటి పన్ను విలువ 4,00,000 డాలర్లు అనుకోండి. మడ్ పన్ను వందకు 60 సెంట్లయితే ఏడాదికి 2,400 డాలర్లు. నగరం పన్ను వందకు 35 సెంట్లయితే 1,400 డాలర్లు. మడ్ పోయి నగరం వస్తే వెయ్యి డాలర్లు మిగులుతాయని ఎవరైనా అంటారు.

ఇప్పుడు సమ్మతి తీర్మానం తెరవండి. మడ్ అప్పును నగరం తీసుకున్నందుకు పరిహారంగా, విలీనం తర్వాత ఆ ప్రాంతంవాళ్ల నుంచి మాత్రం నీటికి, మురుగునీటికి ప్రత్యేక రేటు వసూలు చేసుకునే వీలును నీటి చట్టం 54.016 సెక్షన్ నగరానికి ఇచ్చింది. అలాంటి షరతు అక్కడ ఉండి, అదనపు రుసుము నెలకు 45 డాలర్లయితే ఏడాదికి 540 పోతాయి. ఇంతకాలం మడ్ తన పన్నులోనే చెత్త తీయించి, నగరం దానికి విడిగా నెలకు 25 డాలర్లు తీసుకుంటే మరో 300 పోతాయి. వెయ్యిలో మిగిలేది 160. ఇంకో సంగతి కూడా చూడాలి. మీ ప్రాంతంలో అత్యవసర సేవల డిస్ట్రిక్ట్ ఉంటే దానికి వందకు 10 సెంట్ల దాకా, అంటే ఈ ఇంటికి 400 డాలర్ల దాకా, పన్ను పడుతుంది. నగర అగ్నిమాపక శాఖ బాధ్యత తీసుకుని ఆ డిస్ట్రిక్ట్ నుంచి మీ ప్రాంతాన్ని తప్పిస్తేనే ఆ పన్ను పోతుంది. విలీనంతో దానంతట అదే పోదు.

అదే ఇల్లు ముప్ఫై ఏళ్ల పాత మడ్‌లో ఉందనుకోండి. బాండ్లు చాలావరకు తీరి, పన్ను 12 సెంట్లకు దిగితే ఏడాదికి కట్టేది 480 డాలర్లే. నగరంలో కలిస్తే అది 1,400 అవుతుంది. బేరంలోని ముడి అంతా ఇక్కడే ఉంది: అప్పు నిండా ఉన్న మడ్‌ను తీసుకోవడానికి నగరం ఇష్టపడదు, అప్పు తీరిన మడ్‌లోని వాళ్లు నగరంలోకి వెళ్లడానికి ఇష్టపడరు. ఇద్దరికీ కుదిరే కాలం మధ్యలో కొన్నేళ్లే ఉంటుంది. అందుకే సంవత్సరం వారీగా మిగిలిన అసలు, వడ్డీ, పన్ను విలువ, నగరం రేటు పక్కపక్కన పెట్టి పదేళ్ల పట్టిక వేయమని ఆర్థిక సలహాదారును అడగండి. ఒక్క ఏడాది అంకెలు చూపించి ఒప్పించబోయే నివేదికను నమ్మవద్దు.

నగరం వైపు కూర్చున్నవాళ్లు మరిచిపోకూడని బాకీ డెవలపర్‌ది. అతనికి బాండ్ల ద్వారా తిరిగి చెల్లించాల్సిన సొమ్ము ఇంకా ఉండగానే విలీనం జరిగి, దానివల్ల మడ్ బాండ్లు జారీ చేయలేకపోతే, అర్హత ఉన్న ఆ ఖర్చును నగరం విలీనంతోపాటే నగదుగా చెల్లించాలని 43.0715 సెక్షన్ చెబుతోంది. ఇంకా ఇళ్ల నిర్మాణం సాగుతున్న కాలనీలను నగరాలు ముట్టుకోకపోవడానికి ఇదొక కారణం.

నాలుగో మెట్టు: నేల కింద ఏముందో చూడండి

కాగితాల మీద ఆస్తిగా కనిపించే గొట్టం నేల కింద భారం కావచ్చు. మురుగు గొట్టాల్లోకి కెమెరా పంపి తీసిన వీడియోలు, వాన పడిన రోజున శుద్ధి కేంద్రానికి వచ్చే నీరు మామూలు రోజుకంటే ఎంత పెరుగుతుందో చూపే రికార్డులు, కొన్న నీటికీ బిల్లు వేసిన నీటికీ మధ్య తేడా, ఎత్తిపోత కేంద్రాల్లో పంపుల వయసు చూడాలి.

నీటి నాణ్యత విషయంలో ఒక చిన్న తేడా పెద్ద ఇబ్బంది తెచ్చిపెడుతుంది. చాలా మడ్‌లు బోరు నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేస్తాయి. నది, చెరువు నీటి మీద ఆధారపడే పెద్ద నగరాలు తరచూ క్లోరమైన్ వాడతాయి. ఈ రెండు నీళ్లను ఆలోచించకుండా ఒకే గొట్టంలో కలిపితే ఒకదాన్నొకటి చెరిపేసుకుని, క్రిములను ఆపే మందు మోతాదు పడిపోతుంది, రుచి, వాసన మారతాయి. గొట్టాలను కడిగి, ఒక్కో వాల్వు మూసి తెరుస్తూ ప్రాంతాలవారీగా మార్చాలి. క్లోరమైన్ నీరు చేపల తొట్టెలకు ప్రమాదం, ఇంట్లో డయాలసిస్ చేసుకునేవారికి మరింత ప్రమాదం కాబట్టి వాళ్లకు ముందుగానే తెలియజేయాలి. నోటీసు ఇంగ్లిషులో బిల్లు వెనక అచ్చేసి ఊరుకుంటే ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు చేరదు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న కాలనీలో ఈ ఒక్క సమాచారమైనా తెలుగులో వాట్సాప్ గ్రూపులో పెట్టడం బోర్డుకు పైసా ఖర్చు లేని పని.

హ్యారిస్, ఫోర్ట్‌బెండ్, గాల్వెస్టన్ కౌంటీల్లో ఇంకో చిక్కు ఉంది. భూగర్భజలం తోడటం వల్ల నేల కుంగుతున్నందున, బోరు నీటి వాడకాన్ని తగ్గించే నిబంధనలు, వాటికి రుసుములు అక్కడ అమల్లో ఉన్నాయి. మీ మడ్ ఏ భూగర్భజల తగ్గింపు ప్రణాళికలో సభ్యురాలో, రద్దయ్యాక ఆ బాధ్యత ఎవరి ఖాతాలోకి వెళుతుందో ఒప్పందంలో స్పష్టంగా రాయించాలి.

ఐదో మెట్టు: ఒప్పందం కుదుర్చుకోండి

భాగస్వామ్య ఒప్పందానికి ముందు నగర పాలక మండలి, మడ్ బోర్డు చెరి రెండు బహిరంగ విచారణలు జరపాలి. వాసుల మాటకు బలం ఉండేది ఆ నాలుగు సాయంత్రాలే. నేను వెళ్లిన ఒక విచారణలో మైకు ముందుకు వచ్చినవాళ్లు ముగ్గురు. ఆ తర్వాత ఏడాది బిల్లు చూసి మండిపడ్డవాళ్లు వీధికి ముప్ఫై మంది.

ఒప్పందంలో రాయించుకోవలసినవి: ప్రత్యేక నీటి రేటు ఎన్నేళ్లు, ఏ లెక్క ప్రకారం తగ్గుతుంది, మడ్ ఖాతాలో మిగిలిన నిల్వ సొమ్మును ఈ ప్రాంతం పనులకే వాడతారా, పార్కులు, ఈతకొలను, నడకదారులు ఎవరివి, కౌంటీ డిప్యూటీలతో ఉన్న గస్తీ కాంట్రాక్టు ఏ రోజున ముగిసి నగర పోలీసులు ఏ రోజున మొదలవుతారు. పార్కుల వంటివి తమ చేతుల్లోనే ఉండాలనుకునే కాలనీలు పరిమిత డిస్ట్రిక్ట్ అనే ఏర్పాటు కోరవచ్చు. నీళ్లు, మురుగు నగరానికి వెళ్లిపోతాయి, చిన్న డిస్ట్రిక్ట్ ఒకటి మిగతా పనుల కోసం కొనసాగుతుంది. ఆస్టిన్ ప్రాంతంలోని లాస్ట్ క్రీక్, రివర్ ప్లేస్ ఈ దారిలో నడిచాయి.

తేదీ విషయంలో బేరమాడండి. టెక్సాస్‌లో ఆస్తి పన్నుకు జనవరి 1 నాటి పరిస్థితే కొలమానం. డిసెంబరులో విలీనమైతే ఆ ఏడాది పన్ను మడ్‌కు పోతుంది, కొత్త ఏడాది నుంచి నగరానికి మొదలవుతుంది, లెక్క శుభ్రంగా తెగుతుంది. షుగర్‌ల్యాండ్ నగరం గ్రేట్‌వుడ్, న్యూ టెరిటరీ కాలనీలతో 2007లో కుదుర్చుకున్న ఒప్పందాల ప్రకారం వాటిని కలుపుకున్నది 2017 డిసెంబరు 12న. ఒక్కరోజులో దాదాపు 30,000 మంది కొత్త నగరవాసులయ్యారు. మధ్యలోని పదేళ్లు ఎవరికీ ఆశ్చర్యం లేకుండా సిద్ధం కావడానికి దొరికిన గడువు. నా అభిప్రాయంలో ఆ గడువే దాని బలం.

ఆరో మెట్టు: విలీనం, రద్దు ఆర్డినెన్స్

విలీన ఆర్డినెన్స్, రద్దు ఆర్డినెన్స్ రెండు వేర్వేరు పత్రాలు. మొదటిది హద్దును మారుస్తుంది. రెండోది ఆస్తులు, అప్పులు, విధులు నగరానికి మారే తేదీని నిర్ణయిస్తుంది. ఆ తేదీ నిర్ణయించడానికి చట్టం 90 రోజుల గడువు ఇస్తుంది. నగరం ఏమీ చేయకపోతే 91వ రోజున బదిలీ దానంతట అదే జరిగిపోయి డిస్ట్రిక్ట్ రద్దవుతుంది. గడువు మీద భారం వేసి కూర్చోవద్దు, ఆపరేటర్ కాంట్రాక్టు ఆ రోజునే తెగిపోతే గొట్టం పగిలిన అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఎవరికీ తెలియదు.

అడుగు వెనక్కి వేయడం ఎంత కష్టమో కూడా తెలిసి ఉండాలి. 2015 చివర్లో ఆస్టిన్‌లో కలిసిన లాస్ట్ క్రీక్, 2023లో శాసనసభ ప్రత్యేకంగా చట్టం చేశాకే, 2024 మే నెలలో ఓటేసి నగరం నుంచి బయటికి రాగలిగింది.

ఏడో మెట్టు: బదిలీ రోజు

ఆ రోజు చేయాల్సిన పనుల చిట్టా కొండవీటి చాంతాడంత ఉంటుంది. ప్రతి మీటరు ముగింపు రీడింగు తీసి, వీలైతే ఫొటోతో భద్రపరచాలి. పాత బిల్లు, కొత్త బిల్లు మధ్య గొడవలన్నీ ఆ అంకె దగ్గరే పుడతాయి. ఇంటి యజమానులు కట్టిన డిపాజిట్లను వాపసు ఇవ్వాలి లేదా నగరం ఖాతాకు జమ చేయాలి. బ్యాంకు ఖాతాలు, బీమా, వాహనాలు, భూములు, పైపులైన్ల హక్కు పత్రాలు నగరం పేరుకు మారాలి. మురుగునీటి విడుదల అనుమతి బదిలీకి, తాగునీటి వ్యవస్థ యాజమాన్యం మార్పుకు టీసీఈక్యూకు దరఖాస్తు చేయాలి. సేవా ప్రాంత ధ్రువపత్రం ఉంటే అది 2014 నుంచి పబ్లిక్ యుటిలిటీ కమిషన్ చూసే వ్యవహారం, అక్కడ విడిగా దరఖాస్తు పెట్టాలి. అప్పు చెల్లించేవారు మారిన సంగతి బాండ్లు కొన్నవారికి ఎమ్మా ద్వారా తెలియజేయాలి. కౌంటీ మదింపు కార్యాలయం తన జాబితా నుంచి మడ్ కోడ్‌ను తీసేసిందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. చివరి ఆడిట్‌కు డబ్బు ముందే పక్కన పెట్టండి, డిస్ట్రిక్టే లేకుండా పోయాక ఆడిటర్ ఫీజు ఎవరు కట్టాలన్న ప్రశ్న విచిత్రంగా ఉన్నా నిజంగా వస్తుంది.

ఇంటి యజమాని చేయాల్సింది చిన్నదే. పాత ఆపరేటర్ దగ్గర ఆటోపే ఆపి, నగరం పోర్టల్‌లో కొత్త ఖాతా తెరవాలి. రెండింటిలోనూ ఆటోపే ఉంచుకుని ఒకే నెలకు రెండుసార్లు కట్టినవాళ్లు ఉన్నారు.

ఎనిమిదో మెట్టు: మొదటి ఏడాది

శరదృతువులో వచ్చే పన్ను బిల్లును గీత గీతగా చదవండి. మడ్ గీత పోయి నగరం గీత వచ్చి ఉండాలి. రెండూ ఉంటే కౌంటీ పన్ను కార్యాలయానికి రద్దు ఆర్డినెన్స్ ప్రతి జతచేసి రాయండి. నివాస గృహ మినహాయింపు కొత్త గీతకు కూడా వర్తించిందో లేదో చూసుకోండి. పన్నును లోను ఇచ్చిన సంస్థే ఎస్క్రో నుంచి, అంటే నెలనెలా మీ దగ్గర తీసుకుని పన్ను కోసం పక్కన పెట్టే ఖాతా నుంచి, కడుతుంటే, అది పాత మడ్ రేటుతోనే నెలవారీ మొత్తం లెక్కేస్తూ ఉండవచ్చు. కొత్త బిల్లు పంపి ఎస్క్రో లెక్క మళ్లీ వేయమని అడగండి. జనవరి 31 గడువు దాటితే జరిమానా, వడ్డీ పడతాయి కాబట్టి ఈ ఉత్తరం డిసెంబరు మొదటి వారంలోనే వెళ్లాలి.